బండి సంగతులు: వెనక బ్రేకు నట్టు దగ్గరే ఆగిపోకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వెనక బ్రేకు గురించే. వానలు మొదలయ్యాక ఏటా ఇంతే. తాడేపల్లిగూడెంలో నా షెడ్డుకు వచ్చే బండ్లదీ అదే తీరు. పెడల్ కిందికి పోతే బ్రేకు రాడ్డు చివరి నట్టు బిగిస్తారు, మళ్ళీ పోతే మళ్ళీ బిగిస్తారు, బిగించడానికి ఇక మర మిగలనప్పుడు మెకానిక్ దగ్గరికి వస్తారు. నట్టు తిప్పడం సర్దుబాటే, రిపేరు కాదు. చక్రం విప్పి లోపల చూడనిదే డ్రమ్ము బ్రేకు సంగతి తేలదు. అందరికీ పనికొస్తాయనుకున్న ఉత్తరాలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అయ్యా, తెనాలి దగ్గర పల్లెల్లో పాలు పోగుచేసి కేంద్రానికి పోస్తాను. వంద సీసీ బండి, రెండు పక్కలా 40 లీటర్ల క్యాన్లు. సంక్రాంతికి వెనక లైనర్లు కొత్తవి వేయించాను. అప్పుడే పెడల్ కిందికి దిగిపోయింది, నట్టు రాడ్డు మీద చివరి మర దాకా వచ్చేసింది. మెకానిక్ చక్రం విప్పకుండానే ఆర్మ్ ఊడదీసి, ఒక పన్ను జరిపి బిగించాడు. రెండు రోజులు గట్టిగా పట్టింది. నిన్న చెరువు కట్ట దిగుతుంటే బ్రేకు పట్టేసి, కాలు తీసినా వదల్లేదు. దిగి ఆర్మ్‌ను వెనక్కి కొడితే వదిలింది. ఏం చేయమంటారు?
— పాల వ్యాపారి, తెనాలి ప్రాంతం

ముందుగా ఒక మాట తమ్ముడూ. ఈ బండి మీద ఇక ఒక్క క్యాను కూడా ఎక్కించకు. లోపల చూసి బాగుచేయించాకే పాలకు వెళ్ళు. నిన్న కట్ట మీద పట్టేసింది, రేపు లారీ ముందు పట్టేయవచ్చు.

జరిగింది ఇదీ. చక్రం నడుమ గిన్నెలా ఉండే డ్రమ్ములో, లైనర్ అంటే రాసుకునే అట్ట అంటించిన రెండు షూల మధ్య క్యామ్ అనే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. పెడల్ తొక్కితే రాడ్డు బయట ఉన్న ఆర్మ్ అనే మీటను లాగుతుంది, ఆర్మ్ క్యామ్‌ను తిప్పుతుంది. చదునుగా పడుకున్న క్యామ్ అడ్డం తిరిగేకొద్దీ షూలు విడివడి, గోడను రెండు చేతులతో నెట్టినట్టు డ్రమ్మును నెడతాయి. లైనర్ దళసరిగా ఉన్నప్పుడు క్యామ్ కొద్దిగా తిరిగితే చాలు. లైనర్ అరిగేకొద్దీ అది ఎక్కువ తిరగాలి. పూర్తిగా అడ్డం తిరిగాక ఇంకా తిరిగితే షూలు ఇంకా విచ్చుకోవు, అక్కడే చిక్కుకుంటాయి. స్ప్రింగులు వాటిని వెనక్కి లాగలేవు. నీ బండికి నిన్న జరిగింది అదే. ఆర్మ్ పన్ను జరపడమంటే క్యామ్‌ను వెళ్ళకూడని చోటికి పంపడం. మా వృత్తిలో చాలా మంది చేసే పనే ఇది, అయినా ఒప్పుకోదగింది కాదు. క్యామ్ కొస మీద, ఆర్మ్ మీద చిన్న చుక్క గుర్తులు కొట్టి ఉంటాయి. అవి రెండూ ఎదురెదురుగా ఉండాలి. జరిగి ఉంటే మళ్ళీ వాటి చోటికి తెప్పించు.

ఆర్మ్ దగ్గర ఒక బాణం గుర్తు, డ్రమ్మును మూసే బ్రేకు ప్లేటు మీద ఒక గీత ఉంటాయి. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ఇంకొకరిని కూర్చుని చూడమను. బాణం ఆ గీతను చేరిందంటే షూల పని అయిపోయింది. నట్టుకు ఇంకా ఎన్ని మరలు మిగిలినా లెక్కలోకి రావు. ఈ గుర్తు చూడటానికి స్పానర్ కూడా అక్కర్లేదు. అయినా బండి కొన్నవాళ్ళకు దీన్ని చూపించేవాళ్ళు అరుదు. నా దగ్గరికి వచ్చిన ప్రతి బండి యజమానినీ కూర్చోబెట్టి నేను చూపించే మొదటి గుర్తు ఇదే.

ఇక సంక్రాంతికి వేసిన లైనర్లు అప్పుడే ఎందుకు పోయాయి? రెండు క్యాన్లూ నిండితే పాల బరువే 80 కిలోలు దాటుతుంది. దాని పైన క్యాన్ల బరువు, కొక్కేల బరువు, నీ బరువు. ఊరూరా ఆగుతూ పోయే బండి కాబట్టి రోజుకు ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతావో నీకే తెలుసు. ఇది ఒక కారణం. కానీ నాకు అసలు అనుమానం డ్రమ్ము మీద. స్ప్లెండర్ లాంటి బండ్లకు వెనక డ్రమ్ము లోపలి వ్యాసం 130 మి.మీ. అరిగి 131కి చేరితే దాన్ని మార్చాల్సిందే. ఆ హద్దు చక్రం నడిమి హబ్బు మీదే మాక్స్ అనే మాటతో పోతపోసి ఉంటుంది. డ్రమ్ము అరిగి పెద్దదయ్యాక కొత్త షూలు వేసినా, అవి మొదటి రోజు నుంచే ఎక్కువ దూరం విచ్చుకోవాల్సి వస్తుంది. సగం అరిగీ అరగకముందే క్యామ్ చివరికి చేరిపోతుంది. డ్రమ్ము లోపలి అంచు మీద గోరు పెట్టి లాగి చూడు. గట్టులా తగిలితే లేతు షాపులో వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిపించు. హద్దు దాటిన డ్రమ్మును లేతు మీద పట్టించడం వల్ల లాభం లేదు, ఇంకా పెద్దదవుతుంది. హబ్బు మార్చి ఊచలు మళ్ళీ అల్లించాలి. ఖర్చు ఉంటుంది, కాదనను. నీకు కూడు పెట్టే బండి ఇది, అక్కడ వెనకాడకు.

షూలు జతగా మార్చు, స్ప్రింగులతో సహా. మరీ చౌక లైనర్లలో అట్ట షూ నుంచి ఊడి వస్తుంది. ఊడిన ముక్క షూకూ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుంటే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే బరువు మోసే బండికి కంపెనీ షూలే వేయమంటాను. బిగించేటప్పుడు క్యామ్‌కూ, దాని ఎదుట షూలు ఆనే పిన్నుకూ గ్రీజు పైపైన రాయించు. ఎక్కువైతే వేడికి కరిగి లైనర్ మీదికే వస్తుంది. యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించే ముందు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుని, అలా తొక్కి ఉంచే బిగించమను. అప్పుడు షూలు డ్రమ్ము మధ్యలో కుదురుకుంటాయి. చివరగా పెడల్ కొసన 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండేలా నట్టు సర్దాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు లైనర్ డ్రమ్ముకు పూర్తిగా అతకదు కాబట్టి ఆ రోజుల్లో క్యాన్లు తగ్గించుకో.

ఇంకొకటి, డ్రమ్ములో పేరుకున్న నల్ల పొడిని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదనివ్వకు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడి గుడ్డతో తుడవాలి. నా షెడ్డులో కుర్రాళ్ళు ఇది మరిస్తే నేను ఊరుకోను.

నమస్తే సార్. మాది సిద్దిపేట, నేను టీచర్‌ను. రోజూ ఊరు దాటి బడికి పోతా. పోయిన వారం చైన్ లూజ్ అయిందని టైట్ చేయించినంక బండి బరువుగా పోతున్నది. పెట్రోల్ ఎక్కువ తాగుతున్నది. బడికాడ బండి దిగి చూస్తే వెనక చక్రం నడిమి భాగం కాలుతున్నది. ఇంజిన్ పోయిందా అని భయమైతున్నది.

ఇంజిన్‌కు ఏమీ కాలేదమ్మా. చైన్ బిగించాలంటే వెనక చక్రాన్ని వెనక్కి జరుపుతారు. చక్రంతో పాటు బ్రేకు ప్లేటు, ఆర్మ్ కూడా వెనక్కి పోతాయి. కానీ రాడ్డు పొడవు మారదు. దాంతో ఆర్మ్ ముందుకు లాగినట్టే అయి, పెడల్‌లో ఉండాల్సిన ఆట పోతుంది. మీరు తొక్కకపోయినా బ్రేకు కొద్దిగా పట్టే ఉంటుంది. చైన్ ముట్టుకున్న ప్రతిసారీ బ్రేకు నట్టు కూడా సర్దాలి. మీ మెకానిక్ ఆ ఒక్కటీ మరిచాడు.

మీరే చేసుకోవచ్చు. బండి చల్లారాక సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. గరగరమంటూ వెంటనే ఆగితే బ్రేకు పట్టుకుని ఉన్నట్టే. రాడ్డు చివర నట్టును సగం సగం చుట్టు వదులు చేస్తూ, చక్రం తేలిగ్గా తిరిగేదాకా చూడండి. నట్టు అడుగున ఒక గాడి ఉంటుంది, అది ఆర్మ్‌లోని గుండ్రటి పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. సగంలో ఆగితే నాలుగు కుదుపులకు దానంతటదే జారి కూర్చుంటుంది, మీరు పెట్టిన కొలత మారిపోతుంది. తర్వాత వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెట్టి మళ్ళీ పెడల్ తొక్కి చూడండి. బరువు పడి చక్రం పైకి లేచినప్పుడు రాడ్డు బిగువు మారే బండ్లు ఉన్నాయి. అప్పుడు కూడా కొంచెం ఆట మిగలాలి.

నట్టు వదులు చేసినా చక్రం తిరగకపోతే క్యామ్ తుప్పు పట్టి బిగుసుకుందని అర్థం. వానలో, బురదలో తిరిగే బండికి అది మామూలే. అప్పుడు విప్పించి శుభ్రం చేయించాలి. ఒక వారం వేడికి కాగింది కాబట్టి లైనర్లు కూడా ఓసారి చూపించండి.

పంచరు వేయించుకున్నప్పటి నుంచి వెనక బ్రేకు తొక్కగానే కింద టక్కుమంటున్నది. ఆగుతుంది బాగానే. పట్టించుకోవాలా?
— సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

ఈ పత్రిక పక్కన పెట్టి, ముందు బండి దగ్గరికి వెళ్ళండి. బ్రేకు ప్లేటును చక్రంతో పాటు తిరగకుండా పట్టి ఉంచే ఇనుప బద్ద ఒకటి ఉంటుంది, టార్క్ రాడ్డు అంటాం. ఒక కొస ప్లేటుకు, ఇంకో కొస వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కు. చక్రం తీసేటప్పుడు దాని బోల్టు విప్పాలి. పంచరు హడావుడిలో నట్టు సరిగా బిగించకపోవడం, నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను పెట్టకుండా వదిలేయడం తరచూ జరుగుతుంది. మీకు వినిపించే టక్కు, వదులైన ఆ బోల్టు రంధ్రంలో కొట్టుకునే చప్పుడు కావచ్చు. అది ఊడిన రోజున బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగి రాడ్డును చుట్టేసి, చక్రాన్ని పట్టేస్తుంది. వేగంలో ఉంటే మనిషి దక్కడం కష్టం. బోల్టు, నట్టు, స్ప్రింగ్ వాషరు, పిన్ను అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, రంధ్రం కోలగా అరిగి ఉంటే రాడ్డు కొత్తది వేయించండి. ఇక నుంచి పంచరు షాపులో బండి తీసుకునే ముందు వంగి ఆ బోల్టు చేత్తో పట్టి చూడండి. రాత్రి షిఫ్టు దిగి చీకట్లో ఇంటికి పోయేవాళ్ళు మరీనూ.

అంకుల్, నేను విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. నాది 200 సీసీ బండి, వెనక కూడా డిస్కే. భీమిలి రోడ్డు మీద ఓ పావుగంట నడిపాక వెనక చక్రం మెల్లగా పట్టేస్తోంది. ఆపి కాసేపు ఉంచితే వదిలేస్తుంది. ప్యాడ్లు మార్పించాను, క్యాలిపర్ సర్వీసు చేయించాను, తేడా లేదు. ఇప్పుడు మొత్తం క్యాలిపర్ మార్చాలంటున్నారు. నెల క్రితం వరకు బాగానే ఉండేది. మధ్యలో నేను చేయించింది ఒక్కటే, పెడల్ కాలికి అందేలా కొంచెం పైకి లేపించాను.

నీ ఉత్తరంలో చివరి వాక్యమే జవాబు బాబూ. డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే ఆ క్యాలిపర్ కొనకు.

పెడల్ లేపడానికి, బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్ళే పుష్ రాడ్డును తిప్పి ఉంటారు. దాంతో అది పిస్టన్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కే ఉంటోంది. ఆ పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే సిలిండర్‌లో ఒక సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. వేడికి పెరిగిన బ్రేకు ఆయిల్ ఆ దారిన డబ్బాలోకి తిరిగి పోవాలి. పిస్టన్ రవ్వంత ముందుకు జరిగి ఉన్నా దారి మూసుకుపోతుంది. బయల్దేరేటప్పుడు బండి బాగానే ఉంటుంది. నాలుగు బ్రేకులు పడేసరికి ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక ప్యాడ్లను నెడుతుంది. ప్యాడ్లు రాసుకుని ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా నొక్కుడు. చల్లారితే ఆయిల్ ముడుచుకుని వదిలేస్తుంది. నువ్వు రాసిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోయాయి.

పుష్ రాడ్డు లాక్ నట్టు వదులు చేసి, పెడల్‌కు పిస్టన్‌ను తాకకముందు కొద్దిపాటి ఆట వచ్చేలా వెనక్కి తిప్పించు. పెడల్ ఎత్తు మార్చడానికి వేరే బోల్టు ఉన్న బండ్లలో దాన్నే వాడాలి. బ్రేక్ లైటు స్విచ్చు కూడా అప్పుడే సరిచేయించు.

అలా చేశాక కూడా పట్టేస్తే, పట్టేసి ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. చల్లారాక చేస్తే ఏమీ తెలియదు. క్యాలిపర్ మీద గాలి తీసే బ్లీడింగ్ నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, కొంచెం వదులు చేయి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే లోపల ఒత్తిడి చిక్కుకుంది, అంటే తప్పు మాస్టర్ సిలిండర్‌లోనో గొట్టంలోనో ఉంది. నిపుల్ తెరిచినా చక్రం వదలకపోతే అప్పుడే క్యాలిపర్‌ను అనుమానించాలి. పిస్టన్ తుప్పు, ఎండిపోయిన స్లైడ్ పిన్నులు చూడాలి. మాస్టరా, గొట్టమా తేల్చుకోవడం కూడా కష్టం కాదు. ఇంకోసారి పట్టేసినప్పుడు మాస్టర్ దగ్గర గొట్టం బోల్టును కొంచెం వదులు చేయి. అక్కడే ఒత్తిడి పోయి చక్రం తిరిగితే మాస్టర్. అక్కడ వదలక, నిపుల్ దగ్గర వదిలితే గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదు. కంటికి అద్దాలు పెట్టుకో, ఆయిల్ మరుగుతూ ఉంటుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళు పోసెయ్, లేకపోతే రంగు లేచిపోతుంది. కాగిన డిస్కు మీద మాత్రం నీళ్ళు పోయకు, వంగుతుంది.

ఎలాగూ ఇంత కాగింది కాబట్టి ఆయిల్ మొత్తం మార్పించు. డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి, చాలా బండ్లకు డాట్ 4 అనే రకం. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, అంకె పెద్దది కదా అని పోస్తే సీళ్ళు, పనితనం రెండూ చెడతాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. నీది సముద్రపు గాలిలో తిరిగే బండి, రెండేళ్ళకోసారి మార్చడం వాయిదా వేయకు. బండికి ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా ఆపే ఏర్పాటు, ఉండి ఆయిల్ పూర్తిగా ఖాళీ అయితే షోరూమ్ యంత్రంతోనే గాలి తీయించాల్సి రావచ్చు, అందుకే డబ్బా ఎండిపోనివ్వకుండా పోస్తూ మార్చమను. డిస్కు నీలిరంగుకు తిరిగిందేమో, దాని మీద ముద్రించిన కనీస మందానికి తగ్గిందేమో అప్పుడే చూపించుకో.

బెంగళూరులో ఉద్యోగం. బండి వారానికోసారి తీస్తాను. తీసిన రోజు వెనక డ్రమ్ము కీచుమంటుంది, కాసేపటికి పోతుంది. ప్రమాదమా?

కాదు. తేమకు డ్రమ్ము మీద పల్చగా తుప్పు పడుతుంది, నాలుగు బ్రేకులకు ఊడిపోతుంది. చప్పుడు రోజంతా వస్తే మాత్రం లైనర్ మెరుపెక్కి గాజులా అయిందన్నమాట. విప్పించి ఎమరీ పేపరుతో పైపొర గీకించండి. చైన్‌కు ఆయిల్ కొట్టే అలవాటుంటే అది డ్రమ్ము వైపు చిమ్మకుండా చూడండి. ఆయిల్ పీల్చిన లైనర్ మళ్ళీ పనికిరాదు. పెట్రోలుతో కడిగినా, వేడి చేసినా రాదు. మార్చడమే.

మాది నెల్లూరు. మేమిద్దరం 125 సీసీ బండి మీద తిరుమల వెళ్ళాం. దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని మావారు ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో దించారు. సగం దారిలో వెనక బ్రేకు మాడిన వాసన. పెడల్ కింది దాకా పోతోంది, బండి ఆగడం లేదు. ఎలాగో పక్కకు ఆపి, ఆయన నట్టు రెండు చుట్లు బిగించారు. అలిపిరి చేరాం. మర్నాడు చూస్తే చక్రం కదలడం లేదు. బ్రేకు పాడైందా, ఘాట్ రోడ్డుకు ఈ బండి పనికిరాదా?

బండి పనికొస్తుందమ్మా. దించిన పద్ధతి ప్రమాదం. మీరిద్దరూ క్షేమంగా కిందికి చేరారు, అది చాలు.

దిగే పాత ఘాట్ రోడ్డులో 36 మలుపులు. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదిలితే ఇద్దరి బరువునూ, బండి బరువునూ బ్రేకు ఒక్కటే కొండ కిందికి మోయాలి. డ్రమ్ము మూసి ఉన్న గిన్నె, లోపల పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. కాగిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, అందుకే పెడల్ కిందికి పోయింది. కాగిన లైనర్‌కు పట్టు తగ్గుతుంది, అందుకే తొక్కినా ఆగలేదు. ఆ సమయంలో నట్టు బిగించారు. మర్నాటికి డ్రమ్ము చల్లారి మళ్ళీ ముడుచుకుంది, బిగించిన నట్టు అలాగే ఉంది, చక్రం పట్టేసింది. వేడి మీద నట్టు ఎప్పుడూ ముట్టుకోకూడదు. బండి ఆపి, చల్లారేదాకా కూర్చోవడమే దానికి మందు.

ఇప్పుడు ఆ రెండు చుట్లూ వెనక్కి తిప్పి, చక్రం విప్పించండి. లైనర్ మాడి పగుళ్ళు వచ్చినా, అంచులు పెళుసెక్కినా మార్చాలి. డ్రమ్ము మీద నీలిమచ్చలు, సన్నని నెర్రెలు ఉన్నాయేమో చూడాలి. అంత వేడికి హబ్బు బేరింగుల గ్రీజు కరిగి లైనర్ల మీదికి వచ్చిందేమో కూడా చూడమనండి.

మళ్ళీ వెళ్ళేటప్పుడు ఇంజిన్ నడుస్తూనే ఉండాలి, ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగాలి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి వేసి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. పెడల్ మీద పాదం ఆనించి ఉంచితే తెలియకుండానే డ్రమ్ము కాగుతుంది. ముందు బ్రేకు వేస్తే పడిపోతామని మనవాళ్ళలో చాలా మందికి భయం. దిగుడులో బరువంతా ముందు చక్రం మీదే ఉంటుంది కాబట్టి ఎక్కువ పట్టు అక్కడే దొరుకుతుంది, మెల్లగా నొక్కితే భయం లేదు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన 125 సీసీ, అంతకంటే చిన్న బండ్లకు పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు ఉండాలి. మీ బండి ఆ తర్వాతదైతే పెడల్ నుంచి ముందుకు వెళ్ళే కేబులు తెగలేదు కదా, బిగుసుకోలేదు కదా అని కూడా చూపించండి. విప్పిన రోజే అది కూడా చూస్తే రెండోసారి షెడ్డుకు వెళ్ళే పని ఉండదు.